రెండో ప్రపంచ యుద్ధం: అనకాపల్లి – విశాఖ తీరం

రెండో ప్రపంచ యుద్ధం (1939–45) తెలుగు తీరాన్ని నేరుగా తాకింది 1942 ఏప్రిల్ 6, సోమవారం నాడు. ఆ రోజు జపాన్ నౌకాదళ విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. ఇప్పటి అనకాపల్లి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. యుద్ధకాలంలో ఈ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో భాగం కాబట్టి అనకాపల్లి యుద్ధ చరిత్రను విశాఖ రేవు కథ నుంచి విడదీసి చెప్పలేం. సైనికంగా ఆ దాడి చాలా చిన్నది. దాని ముందూ వెనకా సాగిన వలసలు, ధాన్యం కొరత, రాజకీయ మలుపులే ఇక్కడి జనం చూసిన యుద్ధం.

దాడి

1942 ఫిబ్రవరి 15న సింగపూర్, మార్చి 8న రంగూన్, మార్చి 23న అండమాన్ జపాన్ వశమయ్యాయి. ఆ వెంటనే జపాన్ నౌకాదళం హిందూ మహాసముద్రంలోకి రెండు పాయలుగా వచ్చింది. అడ్మిరల్ నగుమో నడిపిన పెద్ద దళం ఏప్రిల్ 5న కొలంబోనూ, 9న ట్రింకోమలీనీ దెబ్బతీసింది. వైస్ అడ్మిరల్ ఒజావా జిసబురో నాయకత్వంలోని చిన్న దళం బంగాళాఖాతంలో సరకు ఓడలను వేటాడింది. ఆంధ్ర తీరానికి వచ్చిన విమానాలు ఈ రెండో దళంలోని ‘ర్యూజో’ అనే విమానవాహక నౌకవి. కొద్ది రోజుల్లోనే ఒజావా దళం ఇరవైకి పైగా వాణిజ్య నౌకలను ముంచేసింది. తూర్పు తీరాన్ని కాచేందుకు బ్రిటిష్ వారి దగ్గర చెప్పుకోదగ్గ విమానబలం లేదు.

విశాఖనే ఎంచుకోవడానికి కారణం స్పష్టమే. కలకత్తాకూ మద్రాసుకూ నడుమ పెద్ద ఓడలకు రక్షణనిచ్చే రేవు అదొక్కటే. 1933లో తెరుచుకున్న ఆ రేవుకు రాయపూర్ రైలు మార్గం గుండా మధ్య పరగణాల మాంగనీసు చేరేది. 1941 జూన్ 21న అక్కడే సింధియా కంపెనీ నౌకానిర్మాణ కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. దాడిలో ప్రాణనష్టం తక్కువే. నాటి బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది.

ఖాళీ అయిన పట్నం

బాంబుల కన్నా భయం ఎక్కువ పని చేసింది. జపాన్ సైన్యం తీరాన దిగబోతోందన్న పుకారుతో జనం రైళ్లలో, ఎడ్లబళ్లలో లోపలి ఊళ్లకు తరలిపోయారు. దక్షిణం వైపు రైలెక్కినవాళ్లకు మొదట తగిలే పెద్ద ఊరు అనకాపల్లే. భయపడింది సామాన్య జనమే కాదు; మద్రాసులో ప్రభుత్వమే కార్యాలయాలను లోపలి జిల్లాలకు తరలించింది. ప్రభుత్వమే మూటాముల్లె సర్దుకుంటే ప్రజలకు ఎవరు ధైర్యం చెబుతారు? ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలిపోయి, యుద్ధం ముగిశాక గానీ విశాఖకు తిరిగిరాలేదు. అప్పటి ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి.

రంగం, బియ్యం, బెల్లం

ఉత్తరాంధ్ర కుటుంబాలకు యుద్ధం అంతకన్నా ముందే మొదలైంది. రంగూన్‌ను ఇక్కడివారు రంగం అంటారు. అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలి పనికి ఈ తీరం నుంచి ఏటా స్టీమర్లలో వేలమంది వెళ్లేవారు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక బర్మా నుంచి లక్షల మంది భారతీయులు బయల్దేరారు. స్టీమరు దొరకనివారు అరకాన్ దారినో, మణిపూర్ కొండల మీదుగానో కాలినడకన వచ్చారు. జ్వరాలతో, ఆకలితో దారిలోనే వేలమంది రాలిపోయారు. ఈ ప్రాంతం చవిచూసిన అసలు విషాదం రేవు మీది బాంబులకన్నా ఇదేనని చెప్పాలి.

బర్మాతో పాటు బర్మా బియ్యమూ పోయింది. దానిమీద ఆధారపడిన మద్రాసు ప్రెసిడెన్సీలో ధరలు పెరిగాయి, రేషన్ వచ్చింది. బియ్యం, కిరోసిన్, బట్ట అన్నీ నియంత్రణలోకి వెళ్లాయి. 1913 నుంచి చెరకు పరిశోధన కేంద్రం ఉన్న అనకాపల్లికి బెల్లమే బతుకు. 1943లో భారత ప్రభుత్వం బెల్లాన్ని కూడా నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది.

రాయబారం, రాజకీయం

విశాఖ మీద బాంబులు పడిన రోజున బ్రిటిష్ ప్రభుత్వం పంపిన సర్ స్టాఫర్డ్ క్రిప్స్ ఢిల్లీలోనే ఉండి కాంగ్రెస్‌తో బేరాలాడుతున్నాడు. దేశ రక్షణ ఎవరి చేతిలో ఉండాలన్న పేచీ తెగక ఆ రాయబారం నాలుగైదు రోజుల్లోనే విఫలమైంది. శత్రువు గుమ్మంలో ఉన్నాడని తలచిన కాంగ్రెస్ నాయకుడు రాజాజీ ఏప్రిల్ 23న మద్రాసు కాంగ్రెస్ శాసనసభ్యుల చేత ముస్లింలీగ్‌తో రాజీపడి జాతీయ ప్రభుత్వం ఏర్పరచాలని తీర్మానం చేయించారు. అఖిల భారత కాంగ్రెస్ దాన్ని తోసిపుచ్చింది. ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. తెనాలిలో 12వ తేదీన జరిగిన కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు. కమ్యూనిస్టులు మాత్రం ప్రపంచ యుద్ధాన్ని ప్రజాయుద్ధమన్నారు. ఫాసిజానికి వ్యతిరేకంగా బుర్రకథను ఊరూరా తిప్పారు.

తరువాత

సింధియా కేంద్రంలో కట్టిన తొలి నౌక ‘జల ఉష’ను 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించారు. బర్మాలో మిగిలిన తెలుగువారు 1962 నాటి సైనిక పాలన తర్వాత మరోసారి కాందిశీకులయ్యారు. విశాఖ కంచరపాలెంలో వారిలో కొందరు స్థిరపడిన ప్రాంతాన్ని ఇప్పటికీ బర్మా క్యాంపు అనే పిలుస్తారు.