పుట్టినరోజు, తొమ్మిది అంకెలు

పుట్టినతేదీని దాచవలసిన సంగతిగా ఎవరును తలపరు. బడిలో చేర్చునప్పుడు అది రిజిస్టరుకెక్కును. ఏటేటా ఆనాడు తరగతిలో చాక్లెట్లు పంచిపెట్టుదురు. ఈ కాలమున ఫేస్‌బుక్ వంటి సామాజిక మాధ్యమములలో ఎవరి తేదీని వారే, ఎవరి ఊరిని వారే వ్రాసి పెట్టగా వందలమంది శుభాకాంక్షలు పంపుచుందురు. పుట్టినతేదీ, పుట్టినచోటు అను ఈ రెండు సంగతులనుబట్టి, ఆ మనిషి ఎన్నడును బయటపెట్టని మూడవ సంగతిని లెక్కకట్టి చెప్పవచ్చునని 2009లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు ఋజువు చేసిరి. ఆ మూడవ సంగతి అచ్చటి ప్రజలు ఇనపపెట్టె తాళపుచెవివలె కాపాడుకొను ఒక తొమ్మిదంకెల సంఖ్య. అది తాళపుచెవిగా ఎట్లు మారెనో, పుట్టినరోజు దానిని ఎట్లు పట్టియిచ్చెనో తెలియుటకు 1936వరకు వెనుకకు పోవలెను.

1929లో మొదలైన ఆర్థికమాంద్యమువలన అమెరికాలో లక్షలాది వృద్ధులు దిక్కులేనివారైరి. పనిచేయు కాలమున జీతమునుండి కొంత తీసి, ముసలితనమున పింఛనుగా ఇచ్చుటకై 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టము చేయబడెను. అందులకు ప్రతి ఉద్యోగి సంపాదనను జీవితాంతము లెక్కవ్రాయవలెను. ఒకే పేరుగలవారు ఆ దేశమున వేలకొలది. కనుక మనిషికొక సంఖ్య కావలసివచ్చెను. 1936 నవంబరునుండి తపాలా కచేరీలద్వారా ఈ సంఖ్యల పంపకము సాగెను. మొదటి మూడంకెలు ప్రాంతమును, తరువాతి రెండు అంకెలు జట్టును, చివరి నాలుగంకెలు ఆ జట్టులోని వరుసను తెలుపును. అది కంప్యూటరు లేని కాలము. గుమాస్తాలు కాగితములను బీరువాలలో వరుసగా పేర్చుకొనుటకు వీలుగా నుండవలెనన్నదే ఈ ఏర్పాటులోని ఉద్దేశము. ఆ సంఖ్య రహస్యమని గాని, రహస్యముగా నుంచవలెనని గాని ఎవరును అనుకొనలేదు.

ఎంతమాత్రము అనుకొనలేదో తెలుపు కథ యొకటి కలదు. 1938లో న్యూయార్కు రాష్ట్రమునందలి లాక్‌పోర్టు పట్టణములో పర్సులు తయారుచేయు కంపెనీ యొకటి, తమ పర్సులో సోషల్ సెక్యూరిటీ కార్డు చక్కగా ఇముడునని చూపుటకై ప్రతి పర్సులోను నమూనా కార్డు నొకదానిని పెట్టెను. దానిపై అచ్చువేయుటకు కంపెనీ పెద్ద యొకరు తన కార్యదర్శి యొక్క అసలు సంఖ్యనే వాడిరి! కార్డు అసలుదానిలో సగమే యున్నది, ఎఱ్ఱసిరాతో అచ్చయినది, నమూనా అని పైన వ్రాసియే యున్నది. ఐనను పర్సు కొన్న వేలమంది ఆ సంఖ్య తమదేయని భావించి దానినే వాడసాగిరి. 1943లో ఒకేసారి 5,755 మంది ఆ సంఖ్యతో చలామణి యగుచుండిరి. సంవత్సరములు గడచునప్పటికి అట్టివారు 40,000 దాటిరి. చివరకు ప్రభుత్వము ఆ సంఖ్యను రద్దుచేసి పాపమా కార్యదర్శికి క్రొత్త సంఖ్య నియ్యవలసివచ్చెను.

ఇది నవ్వుకొనుటకు బాగున్నది గాని, తరువాతి కథ నవ్వునది కాదు. సంఖ్య చేతిలో సిద్ధముగా నున్నందున ప్రతి కచేరీయు దానినే కోరసాగెను. 1962లో ఆదాయపు పన్ను శాఖ దానిని స్వీకరించెను. పిమ్మట బ్యాంకులు, కళాశాలలు, ఆసుపత్రులు. ఈ సంఖ్యను సర్వత్ర వాడుట మంచిది కాదని విలిస్ వేర్ అధ్యక్షతన ఏర్పడిన ప్రభుత్వ సంఘము 1973లోనే హెచ్చరించెను. ఆ మాట పూర్తిగా ఎవరి చెవికి నెక్కలేదు. అంతకంటె పెద్ద పొరపాటు మరొకటి జరిగెను. మనిషిని గుర్తించుటకు పుట్టిన సంఖ్యనే, ఆ మనిషి ఆతడేనని నమ్ముటకుకూడ వాడసాగిరి. టెలిఫోనులో సంఖ్య చెప్పినవాడే ఖాతాదారుడు. ఇది గుమ్మముపై వ్రాసిన ఇంటినంబరునే తాళపుచెవిగా వాడినట్లున్నది. అప్పటినుండి ఆ సంఖ్య దొంగిలించినవాడు ఇతరుని పేర అప్పు తీసికొనుటకు మార్గమేర్పడెను.

ఇక పుట్టినతేదీ సంగతి. దానికిగల శక్తిని మొదట స్పష్టముగా చూపినది లతాన్యా స్వీనీ యను విదుషి. 1990ల నడుమ మసాచుసెట్సు రాష్ట్రములో ప్రభుత్వోద్యోగుల ఆరోగ్యబీమా సంస్థ, ఆసుపత్రి వివరములను పేర్లు తీసివేసి పరిశోధకులకు ఇచ్చెను. పేర్లు లేనందున ఎవరికిని భంగము లేదని గవర్నరు విలియం వెల్డ్ హామీ యిచ్చెను. 1996లో ఆయనయే ఒక సభలో స్పృహతప్పి ఆసుపత్రిలో చేరెను. స్వీనీ అప్పుడు విద్యార్థిని. ఆమె 20 డాలర్లు చెల్లించి కేంబ్రిడ్జి పట్టణపు ఓటర్ల జాబితాను కొనెను. అందు పేరు, పుట్టినతేదీ, స్త్రీయో పురుషుడో, తపాలా కోడు ఉన్నవి. గవర్నరు పుట్టినతేదీ గలవారు ఆ పట్టణమున ఆరుగురు. వారిలో పురుషులు ముగ్గురు. ఆయన తపాలా కోడు గలవాడు ఒక్కడే. పేరులేని ఆసుపత్రి కాగితములలో ఆయన రోగవివరమంతయు ఇట్లు దొరకెను.

ఇందులో మాయ లేదు. ఒక పిన్‌కోడు ప్రాంతములో 10,000 మంది యున్నారనుకొందము. 80 ఏండ్లలో దినములు సుమారు 29,200. స్త్రీలకు వేరు, పురుషులకు వేరు అన్నచో 58,400 గదులు. ఈ 10,000 మందిని ఆ గదులలో ఎట్లుపడిన అట్లు వేసినచో, నూటికి 84 మంది తమ గదిలో ఒంటరిగానే యుందురు. తరగతిలో సంభావ్యత బోధించునప్పుడు ఈ లెక్కను విద్యార్థులచేతనే చేయించవచ్చును. అమెరికా ప్రజలలో నూటికి 87 మంది ఈ మూడు సంగతులతోనే ఒంటరిగా తేలుదురని స్వీనీ 2000లో అంచనా వేసెను. 2006లో మరొక పరిశోధకుడు లెక్క సరిచూచి 63 అనెను. 63 ఐనను తక్కువ కాదు.

ఓటర్ల జాబితాకు స్వీనీ డబ్బు చెల్లింపవలసివచ్చెను. కొలదికాలములోనే ఆ ఖర్చుకూడ తప్పెను. 2004 ఫిబ్రవరిలో హార్వర్డు విద్యార్థులకై ఫేస్‌బుక్ మొదలయ్యెను. మరుసటి సంవత్సరము పిట్సుబర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున రాల్ఫ్ గ్రాస్, అలెస్సాండ్రో అక్విస్టీ అనువారు తమ విశ్వవిద్యాలయమునకు చెందిన 4,000కు పైబడిన ఫేస్‌బుక్ పుటలను పరిశీలించిరి. నూటికి 87 మందికి పైగా పుట్టినతేదీని, సుమారు 40 మంది ఫోను నంబరును, సగముమంది తాము నివసించు చోటును వ్రాసియుండిరి. ఎవరును వారిని బలవంతపెట్టలేదు. గడి ఖాళీగా కనబడినది, నింపిరి.

ఆ ఇద్దరికే తరువాతి ఆలోచన తట్టెను. తొమ్మిదంకెల సంఖ్య ఒక క్రమము ప్రకారము ఇయ్యబడుచున్నది గదా! మొదటి మూడంకెలు రాష్ట్రమును బట్టి వచ్చును. చిన్న రాష్ట్రములకు అట్టి ప్రాంతసంఖ్యలు ఒకటి రెండే. నడిమి రెండు అంకెలు తెలిసిన వరుసలో, మెల్లగా మారును. చివరి నాలుగు 0001నుండి 9999వరకు క్రమముగా నడచును. పూర్వము జనులు ఉద్యోగములో చేరునప్పుడు, అనగా ఏ వయస్సుననో సంఖ్య తీసికొనెడివారు. అందుచే పుట్టినతేదీకిని సంఖ్యకును గట్టి సంబంధము లేకుండెను. 1980ల చివర ఆసుపత్రిలో పుట్టినప్పుడే బిడ్డకు సంఖ్య కోరు పద్ధతి దేశమంతట వ్యాపించెను. దొంగసంఖ్యలను అరికట్టుటకు ఇది మంచి ఉపాయమని ప్రభుత్వము తలచెను. ఫలితము విపరీతమయ్యెను. ఒక చిన్న రాష్ట్రములో ఒకే వారమున పుట్టిన బిడ్డల సంఖ్యలు ఒకదాని వెనుక నొకటి వచ్చి నిలిచెను.

క్రమమును పట్టుకొనుటకు నమూనాలు కావలెను. బ్రతికియున్నవారి సంఖ్యలు దొరకవు, చనిపోయినవారివి దొరకును! మృతుల సంఖ్యలను ఇతరులు వాడకుండుటకై ప్రభుత్వమే వారి పేరు, పుట్టినతేదీ, సంఖ్య గల జాబితాను అందరికి అందుబాటులో నుంచెను. ఇదియు మోసమును ఆపుటకు చేసిన పనియే. అక్విస్టీ, గ్రాస్ ఆ జాబితాలోని 5 లక్షల పైచిలుకు నమోదులను రాష్ట్రమువారీగా, తేదీవారీగా పేర్చి చూచిరి. ఒక తేదీకి ముందు, వెనుక పుట్టి చనిపోయినవారి సంఖ్యలు రెండు మైలురాళ్లయినచో, నడుమ పుట్టినవాని సంఖ్య ఆ రాళ్ల మధ్యనే ఎక్కడనో యుండును.

ఫలితములు 2009 జూలైలో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వెలువడెను. 1989 మొదలు 2003వరకు పుట్టినవారిలో నూటికి 44 మందికి మొదటి ఐదంకెలను ఒక్క ఊహతోనే సరిగా చెప్పగలిగిరి. అంతకు ముందటి 1973–1988 నాటివారిలో ఇది 7 మాత్రమే. వేయిలోపు ఊహలతో మొత్తము తొమ్మిదంకెలు దొరకినవారు, పిన్నవయస్కులలో నూటికి 8.5 మంది. తొమ్మిదంకెల సంఖ్య వారి విషయమున మూడంకెల పిన్నువలె బలహీనమైనదన్నమాట. వేయిసార్లు ప్రయత్నించుట మనిషికి విసుగు, యంత్రమునకు కాదు. సామాజిక మాధ్యమములలో పుట్టినరోజులను ఎక్కువ ఉత్సాహముతో చాటుకొనునదికూడ ఈ పిన్నవయస్కులే.

ఇచ్చట ఆ బాలబాలికల తప్పును ఎంతగా ఎంచవలెను? వారు సంఖ్యను చెప్పలేదు, తేదీని చెప్పిరి. తేదీనుండి సంఖ్యకు త్రోవ వేసినది ప్రభుత్వము, ఆ సంఖ్యను తాళపుచెవి చేసినది బ్యాంకులు. ఐనను, అప్పు తన పేర పడినప్పుడు కచేరీల చుట్టు తిరుగవలసినవాడు పుట్టినరోజు చేసికొన్నవాడే.

సోషల్ సెక్యూరిటీ సంస్థ క్రమమును విడిచి, 2011 జూన్ 25నుండి సంఖ్యలను యాదృచ్ఛికముగా ఇయ్యసాగెను. ఈ మార్పును ఆ సంస్థ 2007లోనే ప్రతిపాదించియుండెను. అంతకు ముందు ఇచ్చిన కోట్లకొలది సంఖ్యలు మాత్రము మారలేదు. అదే 2011 ఆగస్టులో అక్విస్టీ బృందము మరొక ప్రయోగమును వెల్లడించెను. విశ్వవిద్యాలయమున దారినపోవు విద్యార్థులను ఆపి ఫోటోలు తీసి, ఆ ముఖములను ఫేస్‌బుక్ ఫోటోలతో యంత్రముచే పోల్పించిరి. మూడింట ఒకవంతు మంది ఎవరో తేలిపోయిరి. మరొక పరీక్షలో, ముఖమునుండి పేరునకు, పేరునుండి పుట్టినతేదీకి, తేదీనుండి తొమ్మిదంకెలలో మొదటి ఐదింటికి పోయిరి. నాలుగు ఊహలలోపల నూటికి 27 మంది విషయమున అది సఫలమయ్యెను.

తన పుటలో ఏమియు వ్రాయనివాడు సురక్షితుడా యన్నచో, అదియు కాదు. స్నేహితుడు ఫోటో పెట్టి, ‘ఈ రోజు మావాని పుట్టినరోజు’ అని వ్రాసిన చాలును. దీనికి పెద్ద ఉదాహరణము 2018లో బయటపడినది. అలెగ్జాండర్ కోగన్ అను పరిశోధకుడు నడిపిన ఒక ప్రశ్నావళి ద్వారా, జవాబు చెప్పినవారి వివరములే గాక వారి స్నేహితుల వివరములుకూడ కేంబ్రిడ్జి అనలిటికా అను సంస్థకు చేరెను. ఫేస్‌బుక్ అప్పుడు చెప్పిన లెక్క ప్రకారము భారతదేశమున ఆ ప్రశ్నావళిని తెరచినవారు 335 మంది. వారివలన వివరములు పోయియుండగల వారు మొత్తము 5,62,455 మంది.

మన ఆధార్ సంఖ్యకు అమెరికా సంఖ్యలోని దోషము లేదు. 2010 సెప్టెంబరులో మొదటి ఆధార్ ఇచ్చినప్పటినుండియు ఆ 12 అంకెలు యాదృచ్ఛికములే. చివరి అంకె వ్రాతలో తప్పు పట్టుటకు మాత్రమే. ఊరుగాని, పుట్టినతేదీగాని వానిలో దాగియుండదు. కాని పుట్టినతేదీ మరొక ద్వారమున వచ్చినది. ఆధార్ ప్రతిని కంప్యూటరులోనికి దింపుకొన్నప్పుడు దానిని తెరచు సంకేతము ఏమనగా, పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరములు, పుట్టిన సంవత్సరము. ఫైలు చేజిక్కినవానికి అక్షరములు పేరునుబట్టియే తెలియును. సంవత్సరము కేకు ఫోటోలోని కొవ్వొత్తులను లెక్కపెట్టిన తెలియును.

సంకేతము మరచినప్పుడు అడుగుటకు బ్యాంకులు పెట్టుకొన్న పాత ప్రశ్న యొకటి కలదు: తల్లి పుట్టినింటివారి ఇంటిపేరేమి? పెండ్లితో స్త్రీ ఇంటిపేరు మారును గనుక పాతది పరులకు తెలియదని పాశ్చాత్యదేశములలో ఆ ప్రశ్నను ఎంచుకొనిరి. తెలుగువారి ఇండ్లలో ఆ జవాబు మేనమామ పేరునకు ముందే యుండును. పెండ్లిఫోటో క్రింద ‘మా మేనమామగారు’ అని వ్రాసి ఆయన పేరు జతచేసినచో, బ్యాంకు అడుగు ప్రశ్నకు జవాబును అచ్చువేసి గోడకు అంటించినట్లే.