ఆగుస్టె తడుముకున్న ముఖాలు

ఆగుస్టె డీటర్ 1906 ఏప్రిల్ 8న ఫ్రాంక్‌ఫర్ట్ పిచ్చాసుపత్రిలో కన్నుమూసింది. అంతకుముందు నాలుగేళ్లకు పైగా ఆమె రోజులన్నీ అక్కడే గడిచాయి.

భర్త కార్ల్ రైల్వే గుమాస్తా. ఒక్క కూతురు. యాభై దాటీ దాటకముందే ఆ ఇల్లాలికి వంట పాడవసాగింది. వస్తువులు దాచి ఎక్కడ పెట్టిందో మరిచేది. రాత్రుళ్లు దుప్పట్లు ఈడ్చుకుంటూ ఇల్లంతా తిరిగి కేకలు పెట్టేది. 1901 నవంబరులో కార్ల్ ఆమెను ఆసుపత్రిలో చేర్చాడు. మరో దారి అతనికి ఎవరు చూపించారు గనక!

అక్కడ డాక్టర్ అలాయిస్ అల్జీమర్ ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆమె తింటున్నది పంది మాంసం, కాలీఫ్లవర్. ఏం తింటున్నావని అడిగితే పాలకూర అంది. పేరడిగితే ఆగుస్టె. ఇంటిపేరూ ఆగుస్టె. భర్త పేరూ అదేనేమో అంది. అంతా జారిపోతున్నా ఆ ఒక్క పేరునీ కొంగున ముడేసుకున్నట్టు పట్టుకుంది. నన్ను నేను పోగొట్టుకున్నానని చెప్పిందీ ఆమే. తనలో ఏం కూలుతోందో ఆ తల్లికి తెలుసు.

అల్జీమర్ ఆ మాట విన్నాడు, రాసుకున్నాడు. 1903లో మ్యూనిక్ వెళ్లిపోయాడు. తోటి రోగుల ముఖాలు తడుముతోందని, అరుస్తోందని ఆమెను విడి గదిలో ఉంచేవారు. ఎవరి ముఖం కోసం వెతుక్కుందో! ఆ చేతికి ఎవరైనా తమ చెయ్యి అందించి ఉంటే జబ్బు ఆగేది కాదు. ఆమె ఒంటరితనం మాత్రం కాస్త తగ్గేది.

చివరికి మంచాన పడింది. పడక పుండ్లు లేచి, ఆ విషం నెత్తుటికెక్కి ప్రాణం పోయింది. అదే ఏడు నవంబరులో ఆమె మెదడులో చూసిన మార్పులను అల్జీమర్ వైద్యుల సభకు వివరించాడు. తర్వాత జబ్బుకు ఆయన పేరే నిలిచింది.

మన దేశంలో అరవై దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి ఇలా మతి తప్పించే డిమెన్షియా ఉందని అంచనా. పల్నాడు వాళ్లమైన మనకూ ఇది దూరపు కథ కాదు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే నరసరావుపేటలో నాన్నను చూసేదెవరు? మిరప కోతలకు పోతూ ముసలమ్మను లోపలుంచి గొళ్లెం పెట్టే కోడలు రాక్షసి కాదు, ఎక్కడ తప్పిపోతుందోనని భయపడిన మనిషి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగులను గొలుసులతో కట్టడాన్నీ, ఒంటరిగా బంధించడాన్నీ నిషేధించింది. పొలానికి పోయే ఆ కోడలికి మాత్రం తోడు మనిషిని ఇవ్వలేదు.

మీ అమ్మను ఏ హోములోనైనా చేర్చే ముందు అడగండి: రోజూ బయట నడిపిస్తారా? కట్టేస్తారా? మంచాన పడితే రెండు గంటలకోసారి ఒత్తిగిలిస్తారా? సూటిగా జవాబు రాకపోతే అక్కడ వదలకండి.