అక్షరాన్ని సాక్షిగా నిలిపిన న్యాయాధికారి: ఆర్థర్ కోక్ బర్నెల్

తెలుగుకు సేవచేసిన పరదేశీయుల పేర్లు చెప్పమంటే మన విద్యార్థులు ముందుగా చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పేరు చెబుతారు. అది న్యాయమే. ఆర్థర్ కోక్ బర్నెల్ పేరు మాత్రం లిపిశాస్త్రం చదివినవారికి తప్ప ఎక్కువమందికి తెలియదు. ఆయన తెలుగు వ్యాకరణం రాయలేదు, తెలుగు నిఘంటువు కూర్చలేదు. ఆయన పేరు ఎక్కువగా వినిపించేది తంజావూరు, మంగుళూరు, మలబారు ప్రాంతాలకు సంబంధించి. అయినా మన లిపి చరిత్రను క్రమపద్ధతిలో చెప్పడానికి పూనుకొన్న తొలి గ్రంథాలలో ఆయనది ముఖ్యమైనది. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలకు వెలుపల తెలుగు చదువుకొంటున్న విద్యార్థులకు ఆయనను పరిచయం చేయాలని మేము అనుకోవడానికి మరొక కారణం ఉంది. తెలుగు రాతను ఒక్క ప్రాంతపు సొత్తుగా కాక, దక్షిణదేశపు లిపులన్నింటి మధ్య ఉంచి చూసినవాడు ఆయన.

బర్నెల్ 1840లో ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో పుట్టారు. 1860లో, ఇరవై ఏళ్ల వయస్సులో, సివిలు ఉద్యోగిగా మద్రాసు రాజధానికి వచ్చారు. అనారోగ్యం వల్ల 1868లో సెలవు తీసుకొని ఈజిప్టు, నూబియా, అరేబియా ప్రాంతాలు తిరిగారు. మళ్లీ వచ్చి న్యాయశాఖలో కొనసాగి, తంజావూరు జిల్లా జడ్జిగా పనిచేశారు. 1882లో స్వదేశంలో చనిపోయేనాటికి ఆయన వయస్సు నలభైరెండేళ్లే. ఇంత తక్కువ కాలంలో, అదీ కచేరీ పని చూసుకొంటూ, ఆయన చేసిన పని ఆశ్చర్యం కలిగిస్తుంది. సామవేదానికి చెందిన బ్రాహ్మణ గ్రంథాలను పరిష్కరించారు. ఐంద్ర వ్యాకరణ సంప్రదాయాన్ని గురించి 1875లో గ్రంథం ప్రకటించి, అందులో తమిళ తొల్కాప్పియాన్ని కూడా చర్చించారు. మద్రాసు పరంగిమలై మీది శిలువ చుట్టూ ఉన్న రాత పహ్లవీ భాషలో ఉందని 1873లో నిరూపించారు.

న్యాయాధికారికి శాసనాల మీద ఇంత ప్రీతి ఎందుకు కలిగింది? ఆనాటి కోర్టుల పని తెలిస్తే ఇది అర్థమవుతుంది. దాయభాగం తగాదాలలో ధర్మశాస్త్ర గ్రంథాలే ప్రమాణం. అందుకే బర్నెల్ మాధవాచార్యుల పరాశర వ్యాఖ్యలోని దాయవిభాగాన్నీ, వరదరాజుని వ్యవహారనిర్ణయంలోని భాగాన్నీ ఇంగ్లీషులోకి అనువదించారు. ఇక భూముల సంగతి. 1858 తరువాత మద్రాసు రాజధానిలో ఈనాముల విచారణ సాగింది. అగ్రహారీకులు, దేవాలయ ధర్మకర్తలు, మఠాధిపతులు తమ హక్కును రుజువు చేసుకోవలసి వచ్చింది. పెద్దల నాటి రాగిరేకు పత్రమంత విలువైనది. అయితే నిజమైన రేకు ఉన్నచోట దొంగరేకు కూడా పుడుతుంది. శాసనంలో రాజు పేరు ఉంటుంది, శకసంవత్సరం ఉంటుంది, సాక్షులు ఉంటారు. ఇవన్నీ తరువాతివాడు కల్పించవచ్చు. కాని వ్రాయసకాడు తన చేతికి అలవాటైన అక్షరాలను దాచుకోలేడు. నాలుగువందల ఏళ్ల కిందటి శాసనమని చెప్పి నిన్నటి తలకట్టు పెడితే పట్టుబడిపోతాడు. అక్షరమే సాక్షి అన్నమాట. ఆ సాక్షిని ప్రశ్నించాలంటే ముందు ఏ శతాబ్దంలో ఏ అక్షరం ఏ రూపంలో ఉందో తెలియాలి.

ఆ అవసరాన్ని తీర్చడానికే బర్నెల్ దక్షిణ భారత లిపిశాస్త్ర గ్రంథాన్ని రాశారు. 1874లో మంగుళూరు బాసెల్ మిషను ముద్రణాలయంలో అది అచ్చయింది. పెంచి దిద్దిన రెండవ కూర్పు 1878లో లండనులో వెలువడింది. స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. గ్రంథ పరిధి 4వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం వరకు. శాసనాల నుంచి అక్షరాలను ఎత్తి పట్టికలుగా వేసి, ఏది దేని నుంచి మారిందో వరుసగా చూపించారు. వేంగి శాసనాల లిపిని ఆ పేరుతోనే ఒక ప్రత్యేక వర్గంగా గుర్తించారు. అక్కడి నుంచి చాళుక్యుల లిపికీ, దాని నుంచి తెలుగు, కన్నడ లిపులు రెండింటికీ దారి చూపారు. ఈ రెండూ చాలాకాలం ఒకే లిపి అనీ, వేరుపడింది తరువాతనే అనీ నేడు మనం తేలికగా అనేస్తాం. కర్ణాటకలో తెలుగు చదివే విద్యార్థికి పక్క తరగతిలోని కన్నడ పుస్తకం సగం తెలిసినట్లు కనిపించడానికి కారణం ఇదే.

అక్షరం సాక్ష్యం చెప్పడమంటే ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. ప్రాచీన తెలుగు శాసనాలలో నేడు మన వర్ణమాలలో లేని ఒక అక్షరం ఉంది. తమిళులు 'తమిళ్' అనే మాట చివర పలికే ధ్వనికి అది గుర్తు. ఈ ధ్వని తమిళంలో నిలిచింది. కన్నడంలో ళకారమైంది. తెలుగులో చాలాచోట్ల డకారమైంది. అందుకే తమిళ, కన్నడాలలో 'కోళి', 'ఏళు' వంటి మాటలున్నచోట మనకు 'కోడి', 'ఏడు' ఉన్నాయి. వారి చోళులు మనకు చోడులయ్యారు. రేనాటి చోడుల శాసనాలలో ఆ పాత అక్షరం కనిపిస్తుంది. ఆ తరువాతి శతాబ్దాలలో క్రమంగా జారిపోయింది. కాబట్టి అది ఉండవలసిన కాలపు శాసనంలో ఎక్కడా లేకపోతే అనుమానించాలి. ఉంటే, అదీ ఉండవలసిన మాటలలోనే ఉంటే, నమ్మకం పెరుగుతుంది. తమిళనాట పెరిగిన తెలుగు విద్యార్థికి ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది. మిగిలినవారు పుస్తకంలో నేర్చుకోవలసిన ధ్వని అతని చెవికి చిన్ననాటి నుంచే తెలుసు.

బర్నెల్ చెప్పిందంతా నిలవలేదని కూడా చెప్పాలి. వట్టెళుత్తు లిపి బ్రాహ్మికి సంబంధం లేకుండా విడిగా సెమిటిక్ మూలం నుంచి వచ్చిందని ఆయన భావించారు. అది తమిళ బ్రాహ్మి నుంచి పరిణమించిందని నేడు పండితుల అభిప్రాయం. మడికేరిలో దొరికిన గంగరాజుల రాగిరేకులను ఆయన 5వ శతాబ్దపు లిపికి ఉదాహరణగా గ్రహించారు. అవి తరువాతి కాలంలో కల్పించినవని ఫ్లీట్ వాదించారు. దొంగ పత్రాలను పట్టవలసిన న్యాయాధికారికే ఇది తప్పలేదు. భట్టిప్రోలు స్తూపంలోని ధాతుకరండాల మీది రాతలు బయటపడింది 1892లో, అంటే ఆయన పోయిన పదేళ్లకు. తెలుగు దేశపు రాత ఆయన మొదలుపెట్టిన 4వ శతాబ్దానికి ఎన్నో వందల ఏళ్ల ముందటిదని అప్పుడు తెలిసింది. అయినా, కొత్త శాసనం దొరికినప్పుడు పాత పట్టిక పక్కన పెట్టి పోల్చే పద్ధతి మాత్రం మారలేదు. ఫలితాలు పాతబడ్డాయి, పద్ధతి నిలిచింది.

బర్నెల్ చేసిన మరొక పెద్ద పని తంజావూరు రాజభవనంలోని సంస్కృత గ్రంథాల వర్గీకృత సూచిక. మద్రాసు ప్రభుత్వం కోసం తయారైన ఈ సూచిక 1880 నాటికి పూర్తయింది. నేటి సరస్వతీమహలు గ్రంథాలయం గురించే మేము చెబుతున్నది. తెలుగు మాట్లాడిన నాయకరాజులు దానికి పునాది వేశారు. చేమకూర వెంకటకవికి ఆశ్రయమిచ్చిన రఘునాథనాయకుడు వారిలో ఒకరు. తరువాత వచ్చిన మరాఠా రాజులు, ముఖ్యంగా రెండవ శరభోజి, దానిని పెంచారు. అక్కడి సంస్కృతం ఒకే లిపిలో లేదు. దేవనాగరి, నందినాగరి, గ్రంథ, తెలుగు లిపులన్నీ ఉన్నాయి. మరాఠీ లెక్కలు మోడీ లిపిలో ఉన్నాయి. అక్కడ ఒక్క లిపితో పని జరగదు. దక్షిణదేశపు లిపులను కలిపి చదవాలన్న పట్టుదల ఉన్నవాడికి తంజావూరు కంటే తగిన చోటు లేదు.

హెన్రీ యూల్‌తో కలిసి ఆయన మొదలుపెట్టిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు ఆయన మరణానంతరం 1886లో వెలువడింది. మద్రాసులోని ఇంగ్లీషువారు తెలుగువారినీ తెలుగునూ 'జెంటూ' అనేవారన్న విషయం అందులో నమోదైంది. పోర్చుగీసు మూలం నుంచి వచ్చిన ఆ మాట నేడు వాడుకలో లేదు. మనవారు చెన్నపట్నంలో ఎంత పాతవారో చెప్పే సాక్ష్యంగా మాత్రం మిగిలింది.

ఇక మన సంగతి. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర, ఒడిశాలలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలలో భాష ఇంట్లో నిలిచి, లిపి జారిపోవడం మనకు తెలిసినదే. అవ్వ తెలుగులో కథ చెబుతుంది. మనవడికి అది తెలుసు, కాని అటక మీది తాళపత్రాల కట్ట విప్పితే అందులో ఉన్నది ఏ లిపియో తెలియదు. అది ఇంటి వైద్యమో, యక్షగానమో, పొలం పత్రమో చెప్పేవారు లేరు. చదవలేని కట్ట కొన్నాళ్లకు చెత్త అవుతుంది. కొన్ని ఇళ్లలో నదిలో వదులుతారు. అలా పోయినది మళ్లీ రాదు. ఫలానా ఊరికి మన పూర్వులు ఎప్పుడు వచ్చారన్న ప్రశ్నకు ఉన్న ఒకే ఒక సాక్షి అందులోనే ఉండవచ్చు.

కనుక మా విద్యార్థులకు మేము చెప్పేది ఇది. మీరున్న రాష్ట్రపు లిపి మీకు ఎలాగూ వచ్చు. దానితోపాటు తెలుగు లిపిని పాత రూపాలతో సహా నేర్చుకోండి. ఒడిశాలో ఉన్నవారికి తూర్పు గాంగుల తామ్రశాసనాలలో దక్షిణాది అక్షరాలూ నాగరి అక్షరాలూ కలిసి కనిపిస్తాయి. రెండు లిపులు తెలిసినవారే వాటిని చక్కగా చదవగలరు. ఇంట్లోగాని గుడిలోగాని పాత రాత కనిపిస్తే కడగకండి, రుద్దకండి, సుద్దముక్కతో దిద్దకండి. వెలుతురు ఒక పక్క నుంచి పడేటట్లు ఫొటో తీయండి. ఎక్కడ, ఎవరి దగ్గర చూశారో రాసుకోండి. రాతి శాసనమైతే మైసూరులోని పురావస్తుశాఖ శాసన విభాగానికి, తాళపత్రమైతే చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి తెలియజేయండి.

వేల మైళ్ల అవతల నుంచి వచ్చిన ఒక జడ్జి, కచేరీ పని ముగించుకొని మన అక్షరాల వయస్సు లెక్కపెట్టాడు. ఆ అక్షరాలు మన అటకల మీద ఉన్నాయి. కట్ట విప్పి మొదటి ఆకు చదవడం మన వంతు.