బ్రెక్స్‌విల్ ఆసుపత్రిలో జూదరులు

కామజవ్యసనములను లెక్కించుచు ద్యూతపానములను ఒక్క పంక్తిలో కూర్చుండబెట్టిన కౌటిల్యుని నాటినుండియు ఈ రెంటి చెలిమి లోకమెఱిగినదే యైనను, వైద్యశాలలు మాత్రము చిరకాలము త్రాగుబోతునకు తలుపు తెఱచి, జూదరిని వీధిలోనే నిలిపినవి.

1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ మార్గము ననుసరించి 1957లో లాస్ ఏంజిలీస్ నగరమున గ్యాంబ్లర్స్ అనానిమస్ వెలసెను. ఆ సంఘీయుల ప్రార్థన మీదనే, ఒహాయో రాష్ట్రమందలి బ్రెక్స్‌విల్ మాజీ సైనికుల ఆసుపత్రిలో మద్యవ్యసనమునకు చికిత్స నెఱపుచుండిన డాక్టరు రాబర్ట్ కస్టర్ 1972లో జూదరులకును పడకలు ఏర్పఱచెను. జూదరులను ఆసుపత్రిలో ఉంచి చేసిన చికిత్సలలో అదియే మొదటిదని చెప్పుదురు.

త్రాగుడు మానినవానికి వణకు, చెమట, నిద్రలేమి కానవచ్చును గనుక నర్సు నాడి పట్టి, రాత్రి యంతయు కనిపెట్టి యుండవచ్చును. జూదరి వ్యాధికి జ్వరమును లేదు, వాసనయు లేదు. మత్తు దిగి మనస్సు తేటపడిన పిమ్మటనే అప్పుల పట్టీ యెదుట నిలుచును, ఆత్మహత్యాచింతయు అప్పుడే బలపడవచ్చును. కావున నిద్రపట్టని రోగి యొద్ద కూర్చుండి సొమ్ము మాట మెల్లగా కదపు నర్సుదే ఇచ్చట పెద్ద పని యని నా తలంపు, చరిత్రకారులు వారి పేర్లు వ్రాయకున్నను.

1987లో న్యూయార్క్ రాష్ట్రపు సౌత్ ఓక్స్ ఆసుపత్రి పేర లెసియర్, బ్లూమ్ అనువారు, మత్తుచికిత్సకు వచ్చినవారిలో దాగిన జూదరులను సయితము పట్టగల ప్రశ్నావళిని కూర్చిరి. 1980లో జూదమును ఆవేగనిగ్రహలోపములలో చేర్చిన అమెరికా మనోవైద్యుల వర్గీకరణగ్రంథము, 2013లో గాని దానిని మద్యవ్యసనము సరసకు మార్పలేదు.