మాహూర్ ఏ వైపు? లెక్కించిన హద్దు, అడిగిన వరుస

పైనగంగకు దక్షిణాన, కొండమీద వెలసిన మాహూర్ రేణుకాదేవి దర్శనానికి ఆదిలాబాదు ప్రాంతపు తెలుగువారు నేటికీ వెళ్తుంటారు. ఆ ఊరు నేడు మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో ఉంది. 1956 అక్టోబరు చివరి వరకు అది హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లా కిన్వట్ తాలూకాలో ఉండేది. ఒక ఊరు ఎటు చెందాలన్న నిర్ణయంలో, ఆ ఊరివారిని ఎవరితో కలిపి లెక్కించారు, ఏ ప్రశ్నను ముందు అడిగారు అన్న విషయాలకు ఎంత బలముంటుందో ఈ ఉదాహరణతో పరిశీలిద్దాం.

1953 డిసెంబరులో ఫజల్ అలీ అధ్యక్షతన, కుంజ్రూ, పణిక్కర్ సభ్యులుగా ఏర్పడిన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం 1955 సెప్టెంబరు 30న నివేదిక సమర్పించింది. సంఘం ప్రధానంగా జిల్లానే ప్రమాణంగా తీసుకొని, మిగిలే హైదరాబాదు రాష్ట్రంలో ఆదిలాబాదు జిల్లాను చేర్చింది. ఆ లెక్కన మాహూర్ తెలుగు జిల్లాల వైపే ఉండాలి. మరుసటి ఏటి చట్టం జిల్లా లోపలికి చూసింది. కిన్వట్, రాజూరా తాలూకాలు, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిలు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. నాందేడ్ జిల్లాలోని బిచ్కుంద, జుక్కల్, ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్లు ఇటు వచ్చాయి. ఈ మార్పుకు కారణాలు అనేకం కావచ్చు. అయితే ఒక్క ఇల్లూ కదలలేదు, ఎవరి భాషా మారలేదు. కొలిచే కుంచం మాత్రం మారింది.

ఒక ఊహాలెక్క చూద్దాం. నూరేసి మంది ఉన్న మూడు సర్కిళ్లలో తెలుగువారు వరుసగా 70, 40, 35 మంది అనుకుందాం. మొత్తం 300లో వారు 145 మందే. కనుక తాలూకాను చీల్చరాదని ముందే నిర్ణయిస్తే, 70 మంది తెలుగువారున్న సర్కిలు కూడా అటే పోతుంది. ఏ సర్కిలు ఎటు అని ముందు అడిగితే అది ఇటే నిలుస్తుంది. జనం వారే, ప్రశ్నల వరుస వేరు.

ఆ ప్రాంతంలో గోండులు, కొలాములు, లంబాడీలు కూడా ఉన్నారు. తెలుగు 35, మరాఠీ 40, గోండీ 25 ఉన్నచోట మరాఠీవారే అధికులు. కాని సగానికి మించినవారి భాష మరాఠీ కాదు. 'తెలుగా, మరాఠీయా' అన్న ప్రశ్నలో గోండీకి చోటే లేదు.

వరుస ప్రభావం రాష్ట్రస్థాయిలోనూ కనిపిస్తుంది. తెలంగాణ ముందు వేరుగా ఉండి, 1961 ఎన్నికల తరువాత శాసనసభలో మూడింట రెండు వంతుల మంది కోరితే ఆంధ్రతో కలవవచ్చునని సంఘం సూచించింది. అంటే రుజువు చేసుకోవలసిన భారం కలవాలనేవారిపై పడుతుంది. 1956 నవంబరు 1న ముందే కలపడంతో ఆ భారం విడిపోవాలనేవారి మీదికి మారింది. విడిపోవడం 2014 జూన్ 2న గాని జరగలేదు.

తరువాత ఆంధ్ర, మద్రాసు సరిహద్దు వివాదంలో పటాస్కర్ గ్రామాన్నే ప్రమాణంగా తీసుకున్నారు. కుంచం చిన్నదైతే అన్యాయం తగ్గవచ్చు. కాని గ్రామంలోనూ రెండు భాషల వాడలుంటాయి గనుక అది పూర్తిగా పోదు.

తెలుగు నేలకు వెలుపల చదువుకునే మన విద్యార్థులకు 'అల్పసంఖ్యాకులు' అన్న మాట తరచు వినిపిస్తుంది. అది మనుషుల్లో పుట్టిన గుణం కాదు. గీసిన గీతను బట్టి వచ్చే పేరు. పాత జనాభా లెక్కలు చేతికి తీసుకున్నప్పుడు అంకెలకన్నా ముందు రెండు ప్రశ్నలు అడగాలి: ఎవరిని ఎవరితో కలిపి లెక్కించారు? ఏ ప్రశ్న ముందు వేశారు?