రెండు శకటుల త్యాగం: లాస్కర్–బావర్ (1889), నిమ్‌జోవిచ్–తార్రాష్ (1914) ఆటలలో పూర్వోదాహరణ, స్వతంత్రత

వ్యాససంగ్రహం

చదరంగంలో ప్రత్యర్థి రాజు ముందున్న రెండు బంట్లను రెండు శకటుల త్యాగంతో తొలగించి దాడి చేసే పద్ధతి 1889లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎమ్మాన్యుయెల్ లాస్కర్ ఆడిన ఆటతో ప్రసిద్ధి పొందింది. పాతికేళ్ళ తరువాత సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జీగ్‌బెర్ట్ తార్రాష్ అదే పద్ధతిలో అరోన్ నిమ్‌జోవిచ్‌ను ఓడించాడు. ఆ ఆటకు సౌందర్య బహుమతులలో రెండవది దక్కింది. లాస్కర్ ఆట ముందే ఉండటమే మొదటి బహుమతి రాకపోవడానికి కారణమన్నది చదరంగ సాహిత్యంలో స్థిరపడిన వివరణ. ఈ రెండు దాడులనూ ఎత్తు ఎత్తుగా పోల్చి, ఆ కారణం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: చదరంగ చరిత్ర, రాజపార్శ్వ దాడి, పావుల త్యాగం, పూర్వోదాహరణ, స్వతంత్రత, సమస్యాపూరణం

ఉపోద్ఘాతం

ఒక రచన మరొక రచనను పోలి ఉందని తేలగానే రెండవదాని విలువ తగ్గించడం సాహిత్య విమర్శకు కొత్త కాదు. పోలిక ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కొలిచి చూసే ఓపిక మాత్రం అరుదు. సాహిత్యంలో ఆ కొలత కష్టం. చదరంగంలో అంత కష్టం కాదు, ఎందుకంటే ప్రతి ఎత్తూ లిఖితమై ఉంటుంది. నూరేళ్ళ కిందటి ఆటను ఈనాడు బల్ల మీద మళ్ళీ నడిపించి, ఎవరు ఏ క్షణంలో ఏ ప్రమాదాన్ని ఎదుర్కొన్నారో చూడవచ్చు. అందువల్లనే ఈ రెండు ఆటలనూ ఎంచుకున్నాను.

పరిభాష గురించి ఒక మాట. పావుల పేర్లు తెలుగునాట ప్రాంతాన్ని బట్టి మారుతుంటాయి. ఈ వ్యాసంలో క్వీన్‌ను మంత్రి అని, ఐమూలగా నడిచే బిషప్‌ను శకటు అని, రూక్‌ను ఏనుగు అని, నైట్‌ను గుర్రం అని, పాన్‌ను బంటు అని వ్యవహరిస్తున్నాను. నిలువు వరుసలకు ఎ నుంచి హెచ్ వరకు అక్షరాలు, అడ్డు వరుసలకు తెల్ల పక్షం నుంచి లెక్కిస్తూ 1 నుంచి 8 వరకు అంకెలు. రాజు కోట కట్టుకుని చేరే కుడి భాగం, అంటే ఎఫ్, జి, హెచ్ వరుసల ప్రాంతం, రాజపార్శ్వం.

ఆమ్‌స్టర్‌డామ్, 1889

అప్పటికి లాస్కర్‌కు ఇరవై ఏళ్ళు. ప్రపంచ విజేత కావడానికి ఇంకా ఐదేళ్ళు ఉంది. ఆ పోటీలో ఆమోస్ బర్న్ ప్రథముడు, లాస్కర్ ద్వితీయుడు. యోహాన్ బావర్‌తో జరిగిన ఆటలో లాస్కర్ తెల్ల పావులతో ఎఫ్ బంటును రెండు గళ్ళు నడిపి మొదలుపెట్టాడు. ఒక శకటును బి2లోనూ మరొకదాన్ని డి3లోనూ నిలిపాడు. పన్నెండవ ఎత్తుకు మొదటిది ఇ5కు చేరింది. అప్పుడు నల్ల రాజు ముందున్న జి7, హెచ్7 బంట్ల వైపు రెండు శకటులూ పక్కపక్క దారులలో చూస్తున్నాయి. వాటికీ రాజుకూ మధ్య ఉన్న అసలైన కాపలా ఎఫ్6లోని నల్ల గుర్రం ఒక్కటే.

ఆ గుర్రాన్ని తొలగించిన తీరులోనే లాస్కర్ ప్రతిభ ముందుగా కనిపిస్తుంది. సి3లో ఉన్న తన గుర్రాన్ని ఇ2 మీదుగా జి3కి, అక్కడినుంచి పద్నాలుగవ ఎత్తులో హెచ్5కు నడిపాడు. అంతకు ముందు ఎత్తులో బావర్ ఎ6లోకి బంటును జరిపి బి5 గడిని డి3 శకటుకు మూసివేశాడు. మంత్రిపార్శ్వంలో రాగల చికాకును ఆపడానికి ఒక ఎత్తు ఖర్చుపెట్టినప్పుడు అసలు ప్రమాదం మరోవైపు పూర్తిగా సిద్ధమై ఉంది. బావర్ గుర్రం హెచ్5 గుర్రాన్ని కొట్టింది. లాస్కర్ తన మంత్రితో వెంటనే తిరిగి కొట్టవలసిన చోట ఆ పని వాయిదా వేసి, శకటుతో హెచ్7 బంటును కొట్టి చెక్ చెప్పాడు. రాజు శకటును కొట్టింది. ఇప్పుడు మంత్రి హెచ్5 గుర్రాన్ని కొట్టి మళ్ళీ చెక్ చెప్పింది. రాజు జి8కి వెనుదిరిగింది. పదిహేడవ ఎత్తులో రెండవ శకటు జి7 బంటును కొట్టింది.

బావర్ దాన్ని కూడా స్వీకరించాడు. పద్దెనిమిదవ ఎత్తులో మంత్రి జి4 నుంచి చెక్ చెప్పింది. రాజు ఎఫ్6కు వస్తే జి5లో మంత్రి చేతిలోనే ఆటకట్టు, ఎఫ్4 బంటు ఆ మంత్రికి కాపు. కాబట్టి హెచ్7కు పోయింది. ఏనుగు ఎఫ్3కు లేచి, హెచ్3లో ఆటకట్టు చేస్తానని బెదిరించింది. బావర్ ఇ బంటును ముందుకు జరిపి సి6లోని తన మంత్రికి ఆరవ వరుస తెరిచాడు. ఏనుగు చెక్ చెప్పగానే మంత్రి హెచ్6లో అడ్డుపడింది. ఏనుగు మంత్రిని, రాజు ఏనుగును కొట్టాయి.

సాధారణంగా ఈ ఆటను చెప్పేవారు రెండు త్యాగాల దగ్గర ఆగిపోతారు. నా దృష్టిలో లెక్క ఇక్కడినుంచి చూడాలి. ఈ స్థితిలో నల్ల పక్షానికి రెండు ఏనుగులు, రెండు శకటులు ఉన్నాయి. తెల్ల పక్షానికి మంత్రి, ఒక ఏనుగు, ఎక్కువ బంట్లు మాత్రమే. ఇంతటితో దాడి ఆగిపోతే గెలుపు తేలికగా చెప్పగలది కాదు. ఇరవై రెండవ ఎత్తులో లాస్కర్ మంత్రి డి7కు వచ్చింది. అది చెక్ కాదు, పావును కొట్టిన ఎత్తూ కాదు. అయినా బి7, ఇ7 గళ్ళలోని రెండు శకటులనూ ఒకేసారి పట్టింది. వాటిలో ఒకటి పోక తప్పదు. బి7 శకటు పోయింది, 38వ ఎత్తుకు ఆట ముగిసింది. పదిహేనవ ఎత్తులో మొదటి శకటును ఇచ్చేనాటికే ఈ నిశ్శబ్దమైన ఇరవై రెండవ ఎత్తు లాస్కర్ లెక్కలో ఉండి తీరాలి. బి7 శకటు మరో రక్షిత స్థానంలో ఉండి ఉంటే ఆ రెండు త్యాగాలూ మంచి సాహసంగానే మిగిలిపోయేవి.

సెయింట్ పీటర్స్‌బర్గ్, 1914

ఈ పోటీలో పదకొండుమంది ఆడారు. ప్రాథమిక దశలో ఒక్కొక్కరూ మిగిలిన అందరితో ఒక్కో ఆట ఆడగా మొదటి ఐదుగురు అంతిమ దశకు చేరారు. చివరకు లాస్కర్ ప్రథముడు, కాపబ్లాంకా ద్వితీయుడు, అలేఖిన్ తృతీయుడు, తార్రాష్ చతుర్థుడు. అంటే పూర్వోదాహరణగా నిలిచిన ఆటను ఆడినవాడు కూడా ఆ పోటీలోనే ఉన్నాడు. అంతేకాదు, 1908లో ప్రపంచ విజేత స్థానం కోసం జరిగిన ద్వంద్వ పోటీలో తార్రాష్‌ను ఓడించినవాడు కూడా అతడే.

నిమ్‌జోవిచ్‌తో తార్రాష్‌కున్న వైరం వేరే రకం. తార్రాష్ వృత్తిరీత్యా వైద్యుడు, చదరంగ సూత్రాలను జర్మన్ పాఠకులకు బోధించిన ఆచార్యుడు, అప్పటికి యాభై రెండేళ్ళవాడు. రీగాకు చెందిన నిమ్‌జోవిచ్‌కు ఇరవై ఏడు. తార్రాష్ గ్రంథంలోని సిద్ధాంతాలు నిజంగా ఆధునికమైనవేనా అని ప్రశ్నిస్తూ నిమ్‌జోవిచ్ 1913లో ఒక విమర్శ ప్రకటించాడు. ఆ మరుసటి ఏడాదే ప్రాథమిక దశలో ఈ ఆట జరిగింది. విమర్శకూ ఆటకూ నేరుగా కార్యకారణ సంబంధం చెప్పలేం గాని, బల్లకు ఇరువైపులా కూర్చున్నవారు రెండు తరాలకు, రెండు సిద్ధాంతాలకు ప్రతినిధులన్నది మరిచిపోరాదు.

తార్రాష్‌వి నల్ల పావులు. డి6లో ఒక శకటు, బి7లో ఒక శకటు. నిమ్‌జోవిచ్ తన గుర్రాన్ని హెచ్4కు పంపి, మరుసటి ఎత్తులోనే తిరిగి ఎఫ్3కు తెచ్చాడు. పదహారవ ఎత్తులో తన శకటును ఇచ్చి సి6 గుర్రాన్ని తీసుకున్నాడు. దానితో తార్రాష్ చేతిలో రెండు శకటులూ మిగిలాయి, ఒకటి సి6కు చేరింది. పదిహేడవ ఎత్తులో తార్రాష్ గుర్రం డి2 గుర్రాన్ని కొట్టింది, ఎఫ్3లో కాపలా కాస్తున్న తెల్ల గుర్రం దాన్ని తిరిగి కొట్టడానికి డి2కు వెళ్ళింది. లాస్కర్ ఆటలో ఎఫ్6 గుర్రం ఎలా పక్కకు లాగబడిందో ఇక్కడ ఎఫ్3 గుర్రం అలాగే లాగబడింది. పోలికలో అన్నిటికన్నా లోతైన అంశం ఇదే. అయినా న్యాయనిర్ణయాన్ని సమర్థించేవారు దీనికన్నా పైకి కనిపించే త్యాగాలనే ఎక్కువగా ప్రస్తావిస్తారు.

పద్దెనిమిదవ ఎత్తులో డి5 బంటు డి4కు నడిచి సి6 నుంచి జి2 వరకు దారి తెరిచింది. లాస్కర్‌కు ఇలాంటి ఎత్తు అవసరం కాలేదు, అతని శకటుల దారులు ముందే తెరిచి ఉన్నాయి. నిమ్‌జోవిచ్ ఆ బంటును కొట్టాడు. అప్పుడు శకటు హెచ్2 బంటును కొట్టి చెక్ చెప్పింది, రాజు శకటును కొట్టింది, మంత్రి హెచ్4లో చెక్ చెప్పింది, రాజు జి1కి వెళ్ళింది, రెండవ శకటు ఇరవై ఒకటవ ఎత్తులో జి2 బంటును కొట్టింది. లాస్కర్ ఆటకు దర్పణంలో ప్రతిబింబం లాంటి చిత్రం.

పోలిక ఇక్కడితో సరి. నిమ్‌జోవిచ్ రెండవ శకటును స్వీకరించలేదు. స్వీకరించి ఉంటే మంత్రి జి4 చెక్, ఆపై ఏనుగు డి5కు వచ్చి హెచ్5 మీద కన్ను వేసేది. తెల్ల మంత్రి సి5 బంటును కొట్టి హెచ్5ను కాపాడబోయినా, ఆ గడిలోనే ఏనుగుకు మారుగా మంత్రి పోయేది. ఆపై జి5 చెక్‌తో డి2 గుర్రం కూడా పోయేది. దీన్ని గ్రహించిన నిమ్‌జోవిచ్ ఎఫ్ బంటును ఎఫ్3కు జరిపాడు. తార్రాష్ తొందరపడలేదు. ఎఫ్8 ఏనుగును ఇ8కు తెచ్చాడు. తెల్ల గుర్రం ఇ4లో అడ్డునిలిచింది. మంత్రి హెచ్1లో చెక్, రాజు ఎఫ్2కు, శకటు ఎఫ్1లోని ఏనుగును కొట్టింది. ఆ శకటును సి1 ఏనుగుతో కొట్టే వీలు లేదు. కొడితే నల్ల మంత్రి హెచ్2 చెక్‌తో రాజును తప్పించి, వెనుక అదే వరుసలో ఉన్న సి2 మంత్రిని తీసుకునేది.

లాస్కర్ ఆటలో లేని గొప్ప ప్రమాదం ఇప్పుడు ఎదురయింది. నిమ్‌జోవిచ్ డి బంటును డి5కు జరిపి బి2 శకటుకు దీర్ఘమైన ఐమూల దారి తెరిచాడు, మంత్రిని సి3కి తెచ్చాడు. తరువాతి ఎత్తులో జి7లో నల్ల రాజుకే ఆటకట్టు. దాడి చేస్తున్నవాడి రాజు ఒక్క ఎత్తు దూరంలో చావుకు సిద్ధంగా ఉంది. తార్రాష్‌కు ఇకనుంచి ఒక్క ఎత్తు కూడా చెక్ కాకుండా వృథా చేసే వీలు లేదు. ఇరవై ఆరు నుంచి ముప్ఫై రెండు వరకు అతని ఏడు ఎత్తులూ చెక్‌లే. మంత్రి జి2, ఏనుగును బలి ఇస్తూ ఇ4, బంటు ఎఫ్4, మరో ఏనుగు ఎఫ్8, మంత్రి హెచ్2, ఏనుగు ఇ8. తెల్ల రాజు ఎఫ్2 నుంచి ఇ3, ఎఫ్4, ఇ5, ఇ6, డి7 గళ్ళ మీదుగా శత్రువు శిబిరంలోకి నడిచింది. డి7లో ఆ రాజుకు ఆటకట్టు చెప్పినది ఎఫ్1 నుంచి బి5కు వచ్చిన శకటు. ఇరవై ఒకటవ ఎత్తులో బలిగా ఇచ్చినా నిమ్‌జోవిచ్ తీసుకోని శకటు అదే.

పోలికను కొలవడం

ఇప్పుడు బహుమతి ప్రశ్నకు వస్తాను. మొదటి బహుమతి బెర్న్‌స్టైన్‌పై కాపబ్లాంకా ఆడిన ఆటకు వచ్చింది. అది సామాన్యమైన ఆట కాదు, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ప్రశ్న తార్రాష్‌ను వెనక్కి నెట్టిన కారణం గురించి మాత్రమే. లాస్కర్ ఆట తార్రాష్‌కు తెలియదనుకోవడం కష్టం. తెలిసినవాడికి హెచ్2లో శకటును బలి ఇవ్వాలన్న ఊహ తట్టడం తేలిక. ఈ మేరకు నిర్ణేతల వైపు న్యాయం ఉందని ఒప్పుకోవాలి. దారి చూపే గుర్తు లేనిచోట దారి కనుగొన్నది లాస్కరే.

కానీ రెండు ఆటలకూ సమానమైనవి కాపలా గుర్రాన్ని లాగడం, రెండు త్యాగాలు, వాటి మధ్య మంత్రి చెక్. వాటికి ముందున్న డి4 ఎత్తు లాస్కర్ ఆటలో లేదు. వాటి తరువాతి పదకొండు ఎత్తులూ లాస్కర్ ఆటలో లేవు. లాస్కర్ రెండవ త్యాగం స్వీకరించబడింది, అతని లెక్క మంత్రి, ఏనుగులతో సాగి శకటును గెలుచుకోవడంలో ముగిసింది. తార్రాష్ త్యాగం తిరస్కరించబడింది, అతని లెక్క ఎదురుదాడి అంచున రాజును ఏడవ వరుస దాకా తరిమి ఆటకట్టులో ముగిసింది.

మన అవధాన సంప్రదాయంలో దీనికి దగ్గరి సందర్భం ఉంది. కొన్ని అష్టావధానాల్లో చదరంగం కూడా ఒక అంశంగా ఉండేది గనుక ఈ పోలిక బలవంతంగా తెచ్చిపెట్టినది కాదు. సమస్యాపూరణంలో ఒకే పద్యపాదాన్ని వేర్వేరు కవులు వేర్వేరు సభల్లో పూరిస్తారు. చివరి పాదం ఒకటేనని రెండవ పూరణను ఎవరూ అనుకరణ అనరు, మిగిలిన మూడు పాదాల్లో కవి చూపిన ఒడుపును బట్టే తీర్పు చెబుతారు. ఒక తేడా మాత్రం గమనించాలి. అవధానికి సమస్యను పృచ్ఛకుడు ఇస్తాడు. తార్రాష్‌కు ఆ స్థితిని ఎవరూ ఇవ్వలేదు. తనను గెలవనివ్వకూడదని కూర్చున్న ప్రత్యర్థి ఎదుట, ఆ పాదం సరిపోయే పద్యాన్ని అతడే కట్టుకోవలసి వచ్చింది.

తరువాతి కాలంలో ఈ పద్ధతి ఎవరి సొత్తూ కాకుండా పోయింది. 1982 లూసెర్న్ ఒలింపియాడ్‌లో మైల్స్ బ్రౌన్ మీద ఇదే త్యాగంతో గెలిచినప్పుడు దాన్ని పాత ఆటల నకలని తక్కువ చేయలేదు, ఒక సాధారణ ఆయుధం సరైన చోట వాడబడిందని మెచ్చుకున్నారు. 1914లో తార్రాష్‌కు ఆ వెసులుబాటు లేదు. అప్పటికి ఆ ఆయుధం ఒక్క మనిషి పేరుతోనే ఉంది, ఆ మనిషి అదే పోటీలో ప్రథమ స్థానానికి ఆడుతున్నాడు.