దుబాసీలు, ఇడియమ్స్, జంబుల్డ్ సెంటెన్సెస్: పుదుచ్చేరి పాఠం

ఇంగ్లీషు పేపర్లో ఇడియమ్స్, జంబుల్డ్ సెంటెన్సెస్ అనగానే చాలామంది జాబితాలు బట్టీ పడతారు. ఈ రెండు పనుల మీదే బతికిన వృత్తి ఒకటి మన చరిత్రలో ఉంది: దుబాసీ, అంటే ద్విభాషి. 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో 'దుబాష్' ఇంగ్లీషు మాటగానే కనిపిస్తుంది.

ఫ్రెంచి పుదుచ్చేరిలో సరుకు బేరాలు, నవాబుల లేఖలు దుబాసీ చేతుల మీదుగానే నడిచేవి. కనకరాయ మొదలి 1746లో చనిపోయాక, డూప్లే గవర్నర్‌గా ఉన్న కాలంలోనే, ఆనందరంగ పిళ్లై (1709–1761) ప్రధాన దుబాసీ అయ్యాడు. 1736 నుంచి ఆయన తమిళంలో రాసిన డైరీ ఆనాటి చరిత్రకు పెద్ద ఆధారం. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథం 'ఆనందరంగ రాట్ఛందము'ను అంకితమిచ్చింది ఈయనకే.

దుబాసీ కష్టం ఎక్కడుందో చూడండి. 'పిళ్లై గవర్నర్‌ను చూశాడు', 'గవర్నర్‌ను పిళ్లై చూశాడు': రెండింటికీ అర్థం ఒకటే, 'ను' ప్రత్యయం చూసుకుంటుంది. తమిళమూ అంతే. ఫ్రెంచి, ఇంగ్లీషుల్లో పేర్ల చోటు మారితే చూసినవాడే మారిపోతాడు. పైగా మన క్రియ చివర, వాళ్లది మధ్యలో. కాబట్టి దుబాసీ మన వాక్యం ఆసాంతం విని, క్రియను ముందుకు లాగి చెప్పాలి. జంబుల్డ్ సెంటెన్స్‌లో మీరు చేయాల్సిందీ అదే: ముందు కర్తను, క్రియను పట్టుకోండి. ఇడియమ్‌లో మాటకు మాట పెడితే పని జరగదు. 'బీట్ అరౌండ్ ది బుష్' అంటే డొంకతిరుగుడుగా మాట్లాడటం. ('కిక్ ది బకెట్' మాత్రం 'బాల్చీ తన్నేశాడు' అంటూ తెలుగులోకి ఉన్నదున్నట్టు దిగిపోయింది!)

భాష తెలిసినవాడిదే పలుకుబడి. డూప్లే భార్య జీన్‌కు తమిళం వచ్చు. ఆమె వ్యవహారాల్లో తలదూర్చడం పిళ్లైకి గిట్టలేదని డైరీ చదివితే తెలుస్తుంది.

1761 జనవరిలో పిళ్లై చనిపోయాడు. అదే నెలలో పట్టణం ఇంగ్లీషువారి వశమైంది, తర్వాత మళ్లీ ఫ్రెంచివారికి దక్కింది. ఆఫీసుల్లోకి ఇంగ్లీషు గట్టిగా వచ్చింది 1954 నవంబరు 1న పాలన భారత్ చేతికి వచ్చాకే. ప్రజాప్రతినిధులు వేరే నిర్ణయం తీసుకునేదాకా ఫ్రెంచే అధికార భాషగా ఉండాలని 1956 ఒప్పందం చెప్పింది. 1965 అధికార భాషల చట్టం తమిళాన్ని అధికార భాష చేస్తూ, యానాంలో తెలుగుకు, మాహేలో మలయాళానికి చోటిచ్చి, ఇంగ్లీషునూ వాడుకోవచ్చంది. తమిళం రాని యానాం వాసికీ, తెలుగు రాని పుదుచ్చేరి అధికారికీ నడుమ ఇప్పుడు దుబాసీ పని ఎక్కువగా ఇంగ్లీషుదే.